సాలెవీధి కుప్పకు సాగనంపు

ఒకానొక కోటపట్నంలో ఊరి చెత్తంతా సాలెవీధి మొదట్లో పోసేవారు. ఆ వానాకాలం కుప్ప చూరు ఎత్తున లేచి కుళ్లిపోయింది. వాంతులు, విరేచనాలతో మూడు రోజుల్లో ముగ్గురు పోయారు. నాలుగో రోజు, వీధులూడ్చే నూకాలు కూతురికీ అవే పట్టుకున్నాయి.

నూకాలు పట్నం బాగోగులు చూసే కొత్వాలు దగ్గరికి పరుగెత్తింది. "అయ్యా, బళ్లు పంపించి కుప్ప ఎత్తించండి. పిల్ల దక్కేట్టు లేదు."

"చెత్తకు మనుషులు చస్తారా? అది అమ్మవారి కోపం. పో!"

ఇంటి దగ్గర పిల్ల కళ్లు లోతుకు పోతున్నాయి. అయినా నూకాలు కదల్లేదు.

"అమ్మవారైతే సాగనంపాలి కదయ్యా! ఆమె కూర్చున్న చోట పిడికెడు మన్ను మిగలకుండా బండికెత్తి పొలిమేర దాటించాలి. లేకపోతే పక్కింట్లో దిగుతుంది. మా వీధి పక్కిల్లు తమరిదే."

కొత్వాలు ముఖం పాలిపోయింది. "ఎక్కడ కూర్చుందే?"

"కుప్ప మీదేనయ్యా. పోయిన ముగ్గురూ దాన్ని ఆనుకుని ఉన్నవాళ్లే."

పొద్దు వాలకముందే పన్నెండు బళ్లు కదిలాయి. నూకాలు నేల గీకించి, సున్నం చల్లించి, పిల్ల దగ్గరికి పరుగెత్తి రాత్రంతా ఉప్పు గంజి పట్టింది. వారానికి పిల్ల లేచి కూర్చుంది. వీధిలో మరెవరూ జబ్బు పడలేదు.

కొత్వాలు మీసం దువ్వాడు. "అమ్మవారేనని నేను ముందే చెప్పలా?"

"తమరి మాటకు తిరుగుందా అయ్యా? కానీ ఈ పొద్దున తమ పెరట్లో ఎంగిలాకుల మీద ఈగలు ముసిరి ఉన్నాయి. అమ్మ మళ్లీ వచ్చి కూర్చున్నట్టుంది."

అప్పటినుంచీ ఆ పట్నంలో అమ్మవారిని రోజూ పొద్దున్నే, ఇంటింటి నుంచీ సాగనంపుతున్నారు.