బోరుకు దాహమేసింది

ముందే చెప్పేస్తున్నాను, నేను ఇంతవరకూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాక పెన్ను పట్టుకున్నది సంతకాలకే. తప్పులుంటే సర్దుకోండి. నవ్వొస్తే మాత్రం ఆపుకోకండి.

గుండ్లవంకలో తిమ్మక్క ఇల్లంటే తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ వాళ్ళే. "మా ఇంట్లో తెలివి పట్టక కొంత అటక మీద పెట్టినాం" అంటుంది తిమ్మక్క. ఆమె పెద్దకొడుకు మారెన్న, లైటు ఆర్పమంటే బల్బు విప్పుకుపోయి ఎండలో ఆరేసినవాడు. చిన్నకొడుకు రంగప్ప, పిల్లిని ఓ కంట కనిపెట్టమంటే రెండో కన్ను చేత్తో మూసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నవాడు. పాలు ఎటూ పిల్లే తాగింది. అది మూసిన కన్ను వైపు నుంచి వచ్చిందట.

మారెన్న పెళ్ళాం సుంకమ్మ. మనిషి ఎదుట నోరు విప్పాలంటే ఆమెకు చచ్చేంత సిగ్గు. ఏదనుకున్నా లోపలే అనుకుంటుంది. చేసేది మాత్రం చేసేస్తుంది.

వాళ్ళకు నలభై చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లున్నాయి. కాపురానికొచ్చిన ఏడాది సుంకమ్మ బిందెలు మోసి బతికించిన మొక్కలవి. మనసులో ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకుంది. ఆ ఎండాకాలం బోరు నీళ్ళకు బదులు గాలి కక్కింది. ఆకులు ముడుచుకుపోయాయి. గోలీలంత కాయలు టపటపా రాలుతున్నాయి. నాలుగు రోజుల్లో తడి తగలకపోతే చెట్లే పోతాయన్నారు ఊళ్ళో. సుంకమ్మ రాలిన కాయల్ని కొంగులోకి ఏరుకుని, అదే కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

అప్పుడు బోర్లు పరీక్ష చేసే ఖలందర్ బాషాను పిలిపించారు. మోటారూ పైపులూ అప్పటికే పైకి లాగేసి ఉన్నాయి. బాషా బోరు నోటి మీద నల్లటి పెట్టె ఒకటి పెట్టాడు.

"ఇది ఠప్‌మని శబ్దం చేస్తుంది పెద్దమ్మా. ఆ శబ్దం లోపలికి పోయి, నీళ్ళకు తగిలి, తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో పెట్టె చూసుకుంటుంది. దాన్నిబట్టి నీళ్ళెంత లోతులో ఉన్నాయో చెప్పేస్తా. బోరుకు అబద్ధం రాదు. పంపింది పంపినట్టే తిరిగొస్తుంది."

"నీళ్ళకు తగిలి వస్తుందా? అయితే తడిసి వస్తుంది కదప్పా! సుంకీ, తువ్వాలు తే!" అంది తిమ్మక్క.

సుంకమ్మ తువ్వాలు తెచ్చింది. దూరం పోయి వచ్చేవాళ్ళకు కాళ్ళకు నీళ్ళియ్యకపోతే ఎట్లాగని చెంబు కూడా తెచ్చింది.

బాషా ఒకసారి చెంబును, ఒకసారి సుంకమ్మను చూసి, "సరే, ఇప్పుడెవరూ నోరెత్తొద్దు" అన్నాడు.

అంతే. అందరూ గడ్డాలు గుండెకానించి నోళ్ళు కిందికి దించేశారు. దించి, మాటలు మొదలుపెట్టారు.

"రేయ్ రంగా, నీ నోరు కాస్త ఎత్తుగా ఉన్నట్టుందే!"

"లేదమ్మా, ఎత్తుగా ఉండేది ముక్కు. నోరు ఎప్పుడో దించినా."

"ఇంకెంతసేపు దించాల సార్?" అన్నాడు మారెన్న నేలతో మాట్లాడినట్టు.

"మాట్లాడొద్దని నాయనా నేనంటున్నది!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా సార్! మెడలు పట్టేసినాయి."

చివరికి పెట్టె ఠప్‌మంది. రెప్ప వేసి తీసేలోపు పెట్టె మీద గీత ఒకటి కనిపించింది. "మూడు వందల ఎనభై అడుగులు" అన్నాడు బాషా. "భయం లేదు, లోపల ఊట ఉంది. రేపు పొద్దునదాకా బోరుకు రెస్టు ఇవ్వండి. నీళ్ళు పైకి ఊరతాయి. అప్పుడు కొలిచి, మోటారు ఎంతకు దించాలో చెప్తా. ఈలోపు లోపల ఏదైనా పడితే మాత్రం నా చెవిన వెయ్యండి."

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో, తిమ్మక్క నడుం బిగించింది. "విన్నారా? రెస్టు ఇయ్యాలంట. ఏండ్లకేండ్లు నిలబడే ఉంది పాపం, ఒక్కరోజు పండుకున్నది లేదు. చాప తేండ్రా!"

చాప వచ్చింది, దుప్పటి వచ్చింది. రంగప్ప విసనకర్రతో విసరడానికి కూర్చున్నాడు. మారెన్న చిన్న బూరుగుదూది దిండు పట్టుకుని బోరు చుట్టూ తిరుగుతున్నాడు.

"అమ్మా, దీనికి తల యాడుందే?"

"నోరుండే చోటే తలుంటుంది. నీకు యాడుంది?"

"నాకూ అక్కడే."

"మరింకేం? పెట్టు!"

నోటి దగ్గర పెట్టాడు. బోరు నోరు జానెడు, దిండూ అంతే. సర్దుకోలేదేమోనని ఇంకాస్త నొక్కాడు. ఇంకేముంది! దిండు జర్రున లోపలికి జారిపోయింది. పోతూ పోతూ అంచు చిరిగి, గుప్పెడు దూది మారెన్న చేతిలో మిగిలింది.

"చూసినావా, ఎంత నిద్రమొహమో! దిండు తనే లాక్కుంది" అని మురిసిపోయింది తిమ్మక్క.

సుంకమ్మకు మాత్రం మనసులో ఎక్కడో కలుక్కుమంది. అందామనుకుంది. సిగ్గేసింది. ఊరుకుంది.

తెల్లారి బాషా వచ్చి పెట్టె పెట్టాడు. ఠప్! ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ ఠప్! ఇంకా ముడిపడ్డాయి.

"నిన్న మూడు వందల ఎనభైలో ఉన్నవి ఇవాళ అరవైలో తగులుతున్నాయేంది? పైగా నీళ్ళయితే శబ్దం ఖణీమని తిరిగొస్తుంది. ఇది నీరసంగా వస్తోంది. ఏదో మెత్తటిది లోపల అడ్డం పడి శబ్దాన్ని మింగేస్తోంది. ఏం పడిందయ్యా? పడితే నా చెవిన వెయ్యమన్నానా లేదా?"

"అయ్యో, మరిచేపోయినాం సార్!" అని మారెన్న జేబులోంచి దూది తీసి, ఆయన చెవిలో వేసి, పడిపోకుండా వేలితో బాగా కూరాడు.

"ఓర్నీ! ఏందిది?"

"దూది సార్."

"ఏం దూది?"

"గట్టిగా అరవకండి సార్, మాకు చెవుల్లో దూది లేదు" అన్నాడు రంగప్ప. "దిండుది సార్."

"దిండేది?"

"పండుకుంది సార్."

బాషా చెవిలో దూది లాక్కుని, తాడుకు కొక్కెం కట్టి, దించుతూ లాగుతూ పొద్దు నడినెత్తికొచ్చేదాకా చెమటలు కక్కాడు. దిండు బయటపడింది. మళ్ళీ ఠప్‌మనిపించాడు. ఈసారి ఖణీమని తిరిగొచ్చింది. "మూడు వందల నలభై! నలభై అడుగులు పైకి ఊరినాయి. రేపు పైపులవాళ్ళు వస్తారు, మోటారు నాలుగు వందలకు దించమని చెప్తా. అందాక మీలో ఒక్కరు కూడా బోరు దగ్గరికి పోవద్దు. మీకు దండం పెడతా."

వాళ్ళూ తిరిగి దండం పెట్టారు. పంపింది తిరిగి రావాలి కదా మరి.

ఆ సాయంత్రం ఇంకో పది కాయలు రాలాయి. సుంకమ్మకు కాలు నిలవలేదు. మూడు వందల నలభై అని పెట్టె చెప్పింది, పెట్టె చెప్తే చెట్లు తడుస్తాయా? బోరునే అడిగితే పోలా? కానీ దగ్గరికి పోవద్దన్నారు. ఆమె ఆలోచించింది. పోవద్దన్నారు గానీ రావద్దనలేదు. అందుకని తోట చుట్టూ తిరిగి, అవతలి గట్టు వైపు నుంచి బోరు దగ్గరికి వచ్చింది.

వంగింది. మనిషి కాదు కాబట్టి సిగ్గు కాస్త తక్కువేసింది. "నీళ్ళున్నాయా?" అని మెల్లిగా అడిగింది.

"నీళ్ళున్నాయా?" అంది బోరు, ఇంకా మెల్లిగా.

సుంకమ్మ ఇంకాస్త వంగింది. "నిన్నే, నీళ్ళున్నాయా?"

"నిన్నే, నీళ్ళున్నాయా?"

అయ్యో తల్లీ! నేను దీన్ని అడగబోతే ఇది నన్ను అడుగుతోందే! అబద్ధం రాని బోరు, గొంతెండి ఎంత నీరసంగా అడుగుతోందో! ఇంకేముంది, సుంకమ్మ ఇంటికి పరుగెత్తింది. టాంకరు పోసిపోయిన తాగునీళ్ళు రెండే బిందెలున్నాయి. రెండూ మోసుకొచ్చి, చుక్క మిగలకుండా బోరులో పోసేసింది. "తాగు తల్లీ. రేపు మా చెట్లను చూడు" అంది. "మా చెట్లను చూడు" అంది బోరు. "చూస్తూనే ఉన్నా కదమ్మా, పదేండ్లుగా!" అని ఏడ్చేసింది సుంకమ్మ.

ఆ రాత్రి తాగడానికి నీళ్ళు లేక ఇంటిల్లిపాదీ రాలిన చీనీకాయలు చప్పరించారు. అవి చేదు.

మర్నాడు పైపులవాళ్ళు మోటారు దించారు. స్విచ్ వేస్తే పైపు రెండుసార్లు దగ్గింది, బురద ఉమ్మింది, తర్వాత తెల్లగా, లావుగా నీళ్ళు దూకాయి. కాలవల్లో పారి పారి నలభయ్యో చెట్టుదాకా పోయాయి. సుంకమ్మ నీళ్ళ వెంటే నడుస్తూ చెట్లను పేరుపేరునా పలకరించింది.

"చూశారా, పెట్టె చెప్పినట్టే ఉన్నాయి నీళ్ళు" అన్నాడు బాషా.

"నీళ్ళు నేను పోసినవే సార్" అంది సుంకమ్మ. ఆమె గొంతు విని మొగుడే ఉలిక్కిపడ్డాడు. "రెండు బిందెలు. పంపింది తిరిగొస్తుందని మీరే చెప్తిరి కదా."

బాషా పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"అదీ మా కోడలంటే!" అంది తిమ్మక్క. "మీ పెట్టె ఒక్క ఠప్పు పంపి ఒక్క ఠప్పే తెచ్చుకుంది. మా సుంకి రెండు బిందెలు పంపి తోటంతా తెప్పించింది!"

అంతే. ఆ పొగడ్తకు సుంకమ్మ రాత్రంతా నిద్రలోనే నవ్వింది.

మరుసటి రోజు పొద్దున లేవగానే ఆమె ఏం చేసిందంటే, ఇంట్లో ఉన్న రెండు దుత్తల పెరుగూ మోసుకుపోయి, బోరు మూతకు వైరు దిగే కంతలో గరాటు పెట్టి, మొత్తం లోపల పోసేసింది. లోపల మోటారు ఎటూ తిరుగుతుంది కాబట్టి చిలికే పని తప్పుతుందనుకుంది. పైపు కింద ఇంట్లో ఉన్న బిందెలన్నీ వరసగా పెట్టింది. ఆ పైన, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తి, ఊరంతా వినబడేట్టు కేకేసింది.

"అందరూ మజ్జిగకు చెంబులు తెచ్చుకోండి! వెన్న మాత్రం మాది!"

అని, స్విచ్ వేసింది.