మామిడి తోపులో పొయ్యిరాళ్లు

ఎవరేం అడిగినా వీరభద్రం మాస్టారు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు, లేచి చెప్పులేసుకునేవారు. ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్న వసుంధర టీచర్ ఆ ఉదయం ఏడుపు దిగమింగుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, మన పెద్దలు ఎవరూ లేని అడవి కొట్టి ఈ ఊరు కట్టారని మొన్న ఒకటో తరగతిలో చెప్పాను. మర్నాటి నుంచి కోయగూడెం పిల్లలు ముగ్గురూ బడి మానేశారు. పోనీ నిజం చెబుదామంటే మిగతావాళ్లు పసివాళ్లాయె, ఎంత బెంబేలుపడతారో! ఎలా చెప్పను?"

మాస్టారు చెప్పులేసుకున్నారు. పిల్లలందర్నీ వెంటేసుకుని ఆ తరగతిలోనే చదివే తేజస్విని వాళ్ల మామిడి తోపుకి నడిచారు. అక్కడ కోయగూడెం ముసలమ్మ కుంజా బుచ్చమ్మ, బడి మానేసిన మనవరాలు ముత్తితో కలిసి పుల్లలు ఏరుకుంటోంది. కాయలు కళ్లబడితే పిల్లలు ఆగుతారా? తేజస్విని అప్పుడే ఒకటి కోసేసింది.

"కొరక్కు బిడ్డా!" అంది ముసలమ్మ. "మామిడి పండుగ ఇంకా కాలేదు. ముందు పెద్దలకు పెట్టందే మేం కొత్తకాయ ముట్టం."

"చెట్టు మాది కదా అవ్వా?"

వసుంధర పిల్ల నోరు మూయించబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

బుచ్చమ్మ కోప్పడలేదు. నాలుగడుగులు వేసి, వంగి, ఎండాకులు పక్కకు నెట్టింది. సగం పూడిపోయి మూడు నల్లటి రాళ్లు.

"ఇది మా అత్త పొయ్యి. నువ్వు కాయ కోసిన ఆ చెట్టు నాటింది ఆమే. ఈ ఊరు కట్టినవాళ్లు మమ్మల్ని పొమ్మన్న పొద్దున కూడా దీని మీద అంబలి ఉడుకుతోంది."

పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు రాయి తడిమి, చల్లగా ఉందన్నాడు.

"మరి ఎవరూ లేరని టీచర్ చెప్పిందే?" అంది తేజస్విని.

అందరూ వసుంధర వైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

"తప్పు చెప్పానమ్మా," అంది. "వీళ్లున్నారు. నేనే కనుక్కోలేదు."

ముత్తి అప్పుడు తలెత్తి ఆమెను చూసింది.

తేజస్విని చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పింది. "మీ పండుగ ఎప్పుడు?" అని ముత్తినే అడిగింది.

"ఆదివారం. అప్పటిదాకా కొరకొద్దు," అంది ముత్తి. అని, పుల్లలు అవ్వ చేతిలో పెట్టి, వచ్చి ఆ పిల్ల పక్కన నిలబడింది.

తిరుగుదారిలో వసుంధర అడిగింది: "రేపు పాఠం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను మాస్టారూ?"

"రేపటి సంగతి తర్వాత," అన్నారు మాస్టారు. "ఆదివారం దాకా నువ్వూ కాయ ముట్టకు, చూద్దాం."