ఎస్తేరమ్మ పొయ్యి వెలిగించని పండగ

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండర్రా, నాకూ తెలీదు. గోదారి మధ్యలో ఒక లంక ఉండేది. ఆ లంకలో తాటాకు కప్పిన చిన్న చర్చి. ఆ చర్చికి ఒక వంటమనిషి. పేరు ఎస్తేరమ్మ.

ఎవరో దొర పోతూ పోతూ ఆ ఊరికి ఒక జత సీమకోళ్లు ఇచ్చిపోయాడంట. అదేనర్రా, మీరు టర్కీ కోడి అంటారే, అది. మెడ కింద ఎర్రటి సంచీ వేలాడేసుకుని, ఊరంతా తనదే అన్నట్టు నడుస్తుంది చూడండి. ఆ జత పెరిగి పెరిగి మందైంది. అప్పట్నుంచీ క్రిస్మస్ ఆరాధన అయ్యాక పెట్టే ప్రేమవిందులో సీమకోడి కూర లేకపోతే ఆ లంకలో పండగ పండగే కాదు.

తినేవాళ్లకి బాగానే ఉంది. వండేదాని సంగతో? సీమకోడి మాంసం గట్టిది, ఓ పట్టాన ఉడికి చావదు. తెల్లారి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నానికి గానీ ముక్క మెత్తబడదు. లోపల అందరూ కొత్తబట్టలు కట్టుకుని పాటలు పాడుతుంటే, ఎస్తేరమ్మ చర్చి వెనకాల పొగలో దగ్గుకుంటూ గరిటె తిప్పేది. ఆమెకున్న కోరికల్లా ఒక్కటే. పండగ పొద్దున లోపల చాప మీద కూర్చుని, నలుగురితో కలిసి గొంతెత్తి పాడాలి. అంతే! వంటయ్యాక గట్టు మీద నిలబడి "రండర్రోయ్, వడ్డిస్తున్నా!" అని కేకేస్తే అవతలి ఒడ్డుదాకా వినపడే గొంతు మరి ఆమెది.

ఒక ఏడు కోడి కుయ్యకముందే లేచి పొయ్యి రాజేసింది. కట్టెలు మంచుకి తడిసిపోయి ఉన్నాయి. ఊదీ ఊదీ మంట అందుకుని, ముక్క ఉడికేసరికి ఆరాధన కాస్తా అయిపోయింది. "పోన్లే, వచ్చే పండక్కి కూర్చుంటా" అనుకుంది.

ఇంకో ఏడు పొయ్యిని చర్చి కిటికీ కిందకి మార్చింది. వండుతూనే పాడొచ్చు కదా అని! పొగంతా లోపలికే పోయింది. ప్రసంగం మధ్యలో పాస్టరు అయ్యగారికి దగ్గు, పెద్దవాళ్లకి దగ్గు, పిల్లలు కళ్లు నులుముకుని ఒకటే ఏడుపు. సంఘపెద్ద యాకోబు బయటికొచ్చి, "అయ్యగారికే పొగబెడతావా ఎస్తేరమ్మా?" అని గయ్యిమన్నాడు. "పోన్లే, వచ్చే పండక్కి కూర్చుంటా" అనుకుంది పాపం.

ఈలోగా వయసు మీద పడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గొంతు మాత్రం ఇంకా కంచులానే ఉంది. కానీ ఎన్నాళ్లుంటుంది? ఇది కూడా పోతే ఇక పాడేదెప్పుడు? ఆ దిగులు పట్టుకుంది ఆమెకి.

చివరికి ఒక ఏడు సంఘం ముందు నిలబడి చెప్పేసింది. "ఈసారి కూర ముందురోజే వండేస్తానండి."

యాకోబు ఇంతెత్తున లేచాడు. "పండగపూట ఊరికి చద్దికూర పెడతావా? పక్క లంకలవాళ్ల ముందు మన పరువేం కాను?"

"నిన్నటి చేపల పులుసు ఇవాళ లొట్టలేసుకుంటూ తింటావు కదా బావా! అప్పుడు చద్ది గుర్తురాదా?"

అయ్యగారు నవ్వాపుకోలేక, "కానివ్వమ్మా" అన్నారు. యాకోబు మాత్రం, "విందు చెడిందో, మళ్లీ గరిటె ముట్టుకోనివ్వను" అన్నాడు.

ఇక చూడండి ఆమె హడావుడి! కోళ్లు ముందే కోయించి ఉప్పూ పసుపూ అల్లం వెల్లుల్లీ పట్టించి నానబెట్టింది. పండగ ముందురోజు పెద్ద కుండల్లో, చుక్క నీళ్లు తగలనివ్వకుండా, ఆ కోడి కొవ్వులోనే సన్నటి సెగ మీద మగ్గనిచ్చింది. సాయంత్రానికి ముక్క వేలితో నొక్కితే విడిపోతోంది. కుండల మూతులకి పిండి మెత్తి వెచ్చటి ఊకబూడిదలో దాచింది. మరి అన్నం అంటారా? పులిహోర కలిపేసింది. అది మర్నాటికే కదా రుచి!

తెల్లారి తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఆ మొహంలో వెలుగు మీరు చూడాలి.

ఇక్కడే వచ్చింది చిక్కు. పక్క లంకలవాళ్లు పడవల మీద విందుకొస్తారు. వాళ్లకి గుర్తు చర్చి వెనకాల లేచే పొగ. ఆరోజు పొగ లేదు. "ఈ ఏడు విందు లేదు కాబోలు" అనుకుని నడి ఏట్లోంచే పడవలు తిప్పేశారు. యాకోబు కిటికీలోంచి చూసి కంగారుగా వచ్చాడు.

"లే ఎస్తేరమ్మా! పడవలు వెళ్లిపోతున్నాయి. పొయ్యి రాజెయ్, పొగ లేవనీ!"

సరిగ్గా అప్పుడే అయ్యగారు మొదటి పాట అందుకోమన్నారు. ఎస్తేరమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. లేవకపోతే వండిందంతా మట్టిపాలు. లేస్తే మళ్లీ ఆ పొగలోకే.

"లేవను బావా. ఈ ఒక్క పాట పాడాకే లేస్తా. ఇంకో పండక్కి వాయిదా వెయ్యను" అని గొంతెత్తింది.

చెప్పొద్దూ, ఆ పాట తాటాకు కప్పు దాటింది, గట్టు దాటింది, ఏటి మీదికెళ్లింది. పడవలో ఓ ముసలాయన తెడ్డు ఆపాడు.

"ఒరేయ్, అది ఎస్తేరమ్మ గొంతు కాదూ?"

"ఆవిడే తాతా. ఈ వేళకి పొయ్యి దగ్గర ఉండాలి కదా, పాడుతోందేంటి?"

"పిచ్చోడా! ఆవిడ తీరిగ్గా కూర్చుని పాడుతోందంటే వంటైపోయినట్టే! తిప్పండ్రా పడవలు!"

అందరూ వచ్చారు. కుండల మూతలు తియ్యగానే ఘుమఘుమలకి ఏరంతా నోరూరింది. యాకోబు ఒకసారి వడ్డించుకున్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. మూడోసారి ఎవరూ చూడట్లేదనుకుని కుండ గీకుతున్నాడు.

"చద్దికూర ఎలా ఉంది బావా?" అంది ఎస్తేరమ్మ. నోటినిండా ముక్కతోనే యాకోబు ఇంకాస్త వెయ్యమని విస్తరి ముందుకు జరిపాడు!

ఆ తర్వాత చాలా పండగలకి ఆమె ఆ చాప మీదే కూర్చుంది. ఒక వానాకాలంలో పోయింది. ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ క్రిస్మస్ ముందురోజు యాకోబు తనే గరిటె పట్టాడు. మర్నాడు ముందు వరసలో కూర్చుని మొదటి పాట తనే ఎత్తుకున్నాడు. అసలే బొంగురు గొంతు, పైగా దుఃఖం. అయినా పడవలన్నీ వచ్చాయి.

ఇప్పటికీ ఆ లంకలో పండగ పొద్దున ఒక్క పొయ్యీ వెలగదంట. ముందు వరస వండినవాళ్లది, ఎంత పెద్దాయనొచ్చినా వెనక కూర్చోవాల్సిందే. మొదటి పాటా వాళ్లదే. శ్రుతి తప్పినా నవ్వకూడదు. అవతలి ఒడ్డున పిల్లలు, "పొగ రావట్లేదేంటే అమ్మా?" అని అడుగుతారు. తల్లులు వాళ్ల తలలు దువ్వుతూ, "ఎస్తేరమ్మ లోపల పాడుతోంది, పదండి, పడవెక్కండి" అంటారు.