సున్నపు బండ మీద చివరి జంట

మేదరి ఓదయ్య గురువును ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో వెదురు ఉంటే దాన్ని చీల్చడం పూర్తి చేసేవాడు. తట్ట ఉంటే అంచు కట్టేవాడు. అప్పటికీ అడిగినవాడు కూర్చునే ఉంటే తిరిగి తానే ఒక ప్రశ్న వేసేవాడు. ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో ఆయనకు ముప్పై నలభై మంది శిష్యులు ఉండేవారు. జవాబు కోసం వచ్చినవాళ్లలో సగం మంది తట్ట పూర్తికాకముందే లేచిపోయేవారు. రాజేశం మాత్రం కూర్చునేవాడు.

రాజేశం గోపాలమిత్ర. మోటారు సైకిలుకు మందుల పెట్టె కట్టుకుని పదకొండు ఊళ్లు తిరుగుతూ పశువులకు వైద్యం చేసేవాడు. దయగల మనిషని పేరు. ఎద్దో ఆవో కాళ్లు చచ్చి పడిపోయి మూలుగుతుంటే, అది బతకదని తెలిసినా సరే, నొప్పి తగ్గించే సూది వేసి గానీ ఆ వాకిలి దాటేవాడు కాదు. ఆ మందు మనుషులది. ఏ చిన్న మందుల దుకాణంలోనైనా దొరికేది. గంట తిరిగేసరికి మూలుగు ఆగిపోయేది. పశువు కళ్లు తేటపడేవి, ఆ తర్వాత నెమ్మదిగా పోయేది. ఇంటివాళ్లు అతని చేతులు పట్టుకుని ఏడ్చేవారు. ఆ చేతుల మీద రాజేశానికి లోలోపల కొంత గర్వం ఉండేదంటే అది సహజమే.

ఒక ఫాల్గుణ మాసంలో, పొద్దున్నే, అతను గురువు వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది.

"తెల్వక చేసింది తప్పయితదా గురువుగారూ?" అని అడిగాడు.

ఓదయ్య వెదురు చీలుస్తూనే ఉన్నాడు. రాజేశం ఆగలేక మిగతాది చెప్పుకొచ్చాడు. ముందురోజు అటవీశాఖ వాళ్లు ఊరి బడిలో సమావేశం పెట్టారు. చచ్చిన పశువు ఒంట్లో ఆ నొప్పి సూది మందు మిగిలిపోతుందనీ, ఆ మాంసం తిన్న రాబందు నాలుగైదు రోజుల్లో చచ్చిపోతుందనీ చెప్పారు. ఊరికి ఉత్తరాన నది మీదికి వాలి ఉన్న సున్నపు బండ మీద ఒకప్పుడు నూరుకు పైగా రాబందులు కాపురం ఉండేవి. వాటి రెట్టలతో బండ సున్నం కొట్టిన గోడలా మెరిసేది. పేరు కూడా అలా వచ్చిందే. ఇప్పుడక్కడ ఒక్క జంట మిగిలింది, గూట్లో ఒక పిల్ల ఉంది. నోరులేని జీవాల బాధ చూడలేక వేసిన సూది ఇంత పని చేస్తుందని తనకెలా తెలుస్తుందని రాజేశం వాపోయాడు.

గురువు చీల్చిన వెదురు దబ్బను పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. బండ తెలుపు ఎప్పటి నుంచి తగ్గిందని అడిగాడు.

రాజేశం తడుముకోకుండా చెప్పాడు. పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు మొదలైంది. ఆ ఎండాకాలం మూడు పక్షులు మెడలు వాల్చుకుని కూర్చోవడం తానే చూశాడు. నాలుగో రోజుకి అవి బండ కింద పడి ఉన్నాయి. అంతకు ముందు వారం అవి తిన్నది గడ్డమీది పటేలు ఎద్దును. తర్వాతి ఏడు మరో పదకొండు పోయాయి. అప్పుడు తిన్నది... అన్నీ తను సూది వేసిన పశువులే. ఏ పక్షి ఏ పశువును తిన్నదో, ఎన్నాళ్లకు రాలిందో, ఎవరూ అడగకుండానే అతనికి ఇన్నేళ్లుగా గుర్తుంది. అటవీశాఖ వాళ్లు చెప్పడం కూడా నిన్న మొదటిసారి కాదు. రెండేళ్ల కింద ఒక కాగితం ఇచ్చి పోయారు. వాళ్లు చెప్పిన వేరే మందు జిల్లా కేంద్రంలో తప్ప దొరకదు, పైగా నిదానంగా పనిచేస్తుంది. పశువు పూటంతా మూలుగుతూనే ఉంటుంది. ఆ కాగితాన్ని మడిచి పెట్టె అడుగున వేశాడు. ఇప్పుడది గుర్తొచ్చి తల వంచుకున్నాడు. తాను అడిగిన ప్రశ్నలోని మొదటి మాటే అబద్ధమని అతనికి తెలిసిపోయింది.

ఓదయ్య చేతిలోని దబ్బను చివరిదాకా చీల్చాడు. ఈ వారంలో ఎవరి పశువుకు సూది వేశావని అడిగాడు. బక్కవ్వ ఎద్దుకని రాజేశం చెప్పాడు. మొన్న సాయంత్రం వేశాడు, నిన్న తెల్లవారుజామున పోయింది. ఊరి అలవాటు ప్రకారం దాన్ని సున్నపు బండ కిందికి ఈడ్చి ఉంటారు.

గురువు కత్తి కింద పెట్టాడు. "గడ్డపార తే" అన్నాడు.

ఇద్దరూ వెళ్లేసరికి ఆలస్యమైంది. ఎద్దు డొక్క తెరుచుకుని ఉంది. జంట రాబందులు కడుపు నిండా తిని, ఎగరలేనంత బరువుతో పక్క రాతి మీద కూర్చుని ఉన్నాయి. రాజేశం అరుస్తూ, మట్టిపెళ్లలు విసురుతూ వాటి మీదికి పరుగెత్తాడు. అవి బద్ధకంగా రెక్కలు విప్పి బండ మీదికి, పిల్ల ఉన్న గూటి వైపు వెళ్లాయి. అతను అక్కడే కూలబడ్డాడు. ఓదయ్య తవ్వడం మొదలుపెట్టాడు. డెబ్బై దాటిన మనిషి, కింద రాతి నేల. కాసేపటికి రాజేశం లేచి వచ్చి గడ్డపార అందుకున్నాడు. ఎద్దులో మిగిలినదాన్ని పాతిపెట్టేసరికి పొద్దు నడినెత్తిన ఉంది.

ఆ తర్వాత రాజేశం రోజూ బండ కిందికి వెళ్లాడు. మూడో రోజుకి రెండు పక్షులూ మెడలు వాల్చాయి. నాలుగో రోజు ఆడది రాలిపడింది. మగది గూటి అంచునే ఒరిగిపోయింది. దాని రెక్క ఒకటి గాలికి కిందికి వేలాడుతూ కనిపించేది. పైన పిల్ల బుసకొట్టినట్టు అరిచేది. తేనె దించే కోయవాళ్లను బతిమాలి తాళ్లతో ఎక్కించాడు. బండ కడుపు ముందుకు పొడుచుకొచ్చి ఉండడంతో మొదటి రోజు వాళ్లకు గూడు అందలేదు. రెండో రోజు పొడుగు తాళ్లు తెచ్చి పైనుంచి దిగారు. అప్పటికి అరుపు ఆగి చాలాసేపైంది. వాళ్లు కిందికి తెచ్చిన పిల్లకు ఇంకా నూగు పూర్తిగా రాలలేదు. దాన్నీ రాజేశమే పాతిపెట్టాడు.

మరునాడు మందుల పెట్టెతో గురువు దగ్గరికి వచ్చి, దీన్ని ప్రాణహితలో పారేసి కూలికి పోతానన్నాడు. ఆ పదకొండు ఊళ్లలో పశువులు పడిపోతే ఎవరు వెళ్తారని ఓదయ్య అడిగాడు. రాజేశం పెట్టె ఎత్తుకుని తిరిగి వెళ్లాడు.

అప్పటి నుంచి అతని బతుకు మారింది. ఊరూరా తిరిగి ఇళ్లలో దాచుకున్న పాత సూది మందు సీసాలు అడిగి తీసుకున్నాడు. జిల్లా కేంద్రం నుంచి వేరే మందు తెచ్చుకున్నాడు. జనానికి అది నచ్చలేదు. మునుపు గంటలో తగ్గేది, ఇప్పుడు నీ చేయి పనిచేయడం లేదని ముఖం మీదే అన్నారు. కొందరు అతన్ని పిలవడం మానేశారు. పిలిచిన చోట అతను పశువు తల ఒళ్లో పెట్టుకుని, మందు పట్టేదాకా పూటంతా ఆ మూలుగు వింటూ కూర్చునేవాడు. ఇంతకుముందు ఆ మూలుగు నుంచి తప్పించుకోవాలన్న తొందర ఎవరిదో, పశువుదో తనదో, అలా కూర్చున్నప్పుడు అతనికి అర్థమయ్యేది.

రాబందులు లేకపోయేసరికి కళేబరాల మీద కుక్కలు పెరిగాయి. రెండో ఏట కట్టెలకు వెళ్లిన బక్కవ్వను బండ దారిలో నాలుగు కుక్కలు పడగొట్టాయి. గాయాలు మానాయి గానీ రెండు నెలలకు ఆమె నీళ్ల చెంబు చూసి వణకడం మొదలుపెట్టింది. రాజేశం వెళ్లేసరికి ఆమెను గదిలో పెట్టి గడియ వేశారు. ఎద్దు పోయిన నాడు ఆమె అతని తల నిమిరి, నీ చేయి చల్లగుండ బిడ్డా అని దీవించింది. ఇప్పుడు కిటికీలోంచి చూసి గుర్తుపట్టింది. "ఆ ఎద్దుకేసిన సూదే నాకూ ఏయి బిడ్డా" అన్నది. అతని పెట్టెలో ఆమెకు పనికొచ్చేది ఏదీ లేదు. మూడు రోజులు కిటికీ పక్కనే నిలబడ్డాడు.

ఆమె పోయాక అతను బండ కింద కొంత చోటు చుట్టూ ముళ్లకంప కట్టాడు, కుక్కలు రాకుండా. పదకొండు ఊళ్లలో ఎక్కడ పశువు చచ్చినా వెళ్లి, ఏ మందు వేశారో ఇంటిల్లిపాదినీ విడివిడిగా అడిగి, మందు పడలేదని తేలితేనే బండి కట్టి కంపలోకి తెచ్చేవాడు. అనుమానం ఉన్నదాన్ని గొయ్యి తవ్వి పాతేవాడు. తెచ్చినవి ఎండకు ఎండి, పురుగు పట్టి, ఎముకలయ్యేవి. వాటిని తినడానికి ఆకాశంలోంచి ఒక్క రాబందూ దిగేది కాదు. నాలుగు వానాకాలాలకు బండ మీది తెలుపు పూర్తిగా కొట్టుకుపోయి నల్లబడింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు దీనికి సున్నపు బండ అని పేరెందుకని అడిగేవారు.

ఏడో ఏట, మాఘ మాసంలో ఒక మధ్యాహ్నం, రాజేశం కంప సరిచేస్తుండగా నేల మీద ఒక నీడ జారింది. తలెత్తాడు. నది అవతలి అడవి వైపు నుంచి వచ్చిన ఒంటరి రాబందు. బండ చుట్టూ తిరిగింది. కంప మీదుగా కొంత కిందికి దిగి, మెడ వంచి చూసింది. మళ్లీ పైకి లేచి, వచ్చిన దిక్కుకే వెళ్లిపోయింది. అది చుక్కై మాయమయ్యేదాకా అతను కదలలేదు. ఆ తర్వాత గురువు వాకిట్లో పడేదాకా నడక ఆపలేదు.

ఓదయ్య బాగా ముసలివాడైపోయాడు. చేతులు వణుకుతున్నా చేట అల్లుతున్నాడు. రాజేశం ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, ఏడుస్తూ, చూసినదంతా చెప్పాడు. చెప్పి, ఏడేళ్లుగా లోపల దాచుకున్నది బయటపెట్టాడు.

"నన్ను మన్నించినట్టేనా గురువుగారూ?"

గురువు చేట అంచు మడిచి, కట్టు బిగించి, తెగిన వెదురు పేళ్లు దులుపుకున్నాడు. రాజేశం కూర్చునే ఉన్నాడు.

"అది నీకోసం రాలే. ఆకలై వచ్చింది" అన్నాడు ఓదయ్య. "ఇయ్యాల కంపల ఉన్నది ఎవరి పశువు?"

మల్లంపేట కొమురయ్య బర్రె అని రాజేశం చెప్పాడు. ముసలితనంతో పోయింది. ఏ సూదీ పడలేదు. మొగుడినీ పెళ్లాన్నీ కొడుకునూ విడివిడిగా అడిగి తెలుసుకున్నాడు.

ఓదయ్య తల ఊపి, కొత్త దబ్బ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"రేపటిది?" అన్నాడు.