నక్క సత్రం వెనక గోడ

దిగిన చోట దోమలు పీక్కుతిన్నా, వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి "అబ్బే, బాగుందండీ" అని నవ్వి రానివాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. లేరా? అయితే ఈ కథ మీదే.

అడవికీ సంతకీ మధ్య, బాట పక్కన నక్క ఒక సత్రం నడిపేది. అక్కడో ఆనవాయితీ: బస నచ్చిన అతిథి వెళ్తూ వాకిట్లో పచ్చికొమ్మ కట్టాలి. వాకిలి నిండా కొమ్మలే. పైన పటారం, లోన లొటారం.

నువ్వుల బేరం కుదుర్చుకు రమ్మని మంద పంపితే ఎద్దు అక్కడ దిగింది.

"నీలాంటి పెద్దమనిషికి వెనక గదే తగింది, ఎద్దన్నా" అంది నక్క.

గడ్డి బూజుపట్టింది. తొట్టి నీళ్లలో పురుగులు. వెనక గోడ పొట్ట ఉబ్బి లోపలికి వంగింది. ఎద్దు నడుం వాల్చగానే జలజలా మట్టి రాలింది. లేచి భుజం ఆనిస్తే ఆగింది. తీస్తే మళ్లీ రాలింది. ఇక తెల్లారేదాకా నిలబడే ఉంది.

పొద్దున్నే నక్క కొమ్మ పట్టుకుని ఎదురొచ్చింది. "నిద్ర పట్టిందా అన్నా?"

"ఆ గోడ..."

"గోడా? ఏనుగులు దిగి వెళ్లాయి, ఒక్కటీ గోడ మాటెత్తలేదే! సత్రాలు ఎరగని వాళ్లకే ఇలాంటివి కనిపిస్తాయిలే."

ఎద్దు చెవులు వేడెక్కాయి. మంద తరఫున వచ్చి మొద్దు అనిపించుకోవడమా? "అబ్బే, నాకేం! హాయిగా ఉంది" అంటూ కొమ్మ కట్టేసింది.

అప్పుడే పిల్లతో సహా గొర్రె వచ్చింది. "అన్నా, ఉన్ని అమ్ముకోడానికి పోతున్నా. పిల్ల నడవలేకపోతోంది. ఇక్కడ ఉండొచ్చా?"

నక్క చూస్తోంది. ఎద్దు గొంతు సవరించుకుంది. "నిక్షేపంలా ఉండొచ్చు చెల్లీ."

మర్నాడు బేరం ముగించుకుని ఎద్దు అదే దారిన తిరిగొచ్చింది. వెనక గోడ లేదు. మట్టిపెళ్లల్ని గొర్రె గిట్టలతో తవ్వుతోంది. అడుగున పిల్ల ఉంది. కదలడం లేదు.

"మట్టి రాలుతుంటే నేనూ వీపు ఆనించానన్నా" అంది గొర్రె. "నా వీపెంత! నీకు కనిపించలేదా ఆ గోడ?"

ఎద్దుకి దొంగకు తేలు కుట్టినట్టయింది.

"నాకేసి చూస్తావేం?" అంది నక్క తాపీగా. "ఎద్దన్న కట్టిన కొమ్మ ఇంకా వాడనైనా లేదు. అది చూసే గొర్రె దిగింది."

అంతలో బరువుతో రొప్పుతూ గాడిద వచ్చి వాకిట్లో ఆగింది. "ఏం ఎద్దు మావా, బస బాగుంటుందా?"

"రావయ్యా రా, పక్క గది ఖాళీ!" అంది నక్క.

ఎద్దు కొమ్మలన్నీ కొమ్ములతో చీల్చి కింద పడేసింది. "గోడ వంగి ఉంది. నాకు తెలుసు. చెప్పలేదు. పిల్ల చచ్చిపోయింది."

గాడిద నివ్వెరపోయింది. "మా అన్న కూడా ఇక్కడ కొమ్మ కట్టాడే?"

"కట్టే ఉంటాడు. వెళ్లి వాడి భుజం ఎలా ఉందో అడుగు."

గాడిద వెనక్కి తిరిగింది. ఆ తర్వాత నక్క ఎన్ని కొమ్మలు తనే కట్టుకున్నా ఆ గడప ఎవరూ తొక్కలేదు. గొర్రెకి ఒరిగిందేముంది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు!

మొహమాటానికి ఆడిన అబద్ధం, మన తర్వాత వచ్చేవాళ్ల మీద కూలుతుంది.

కాబట్టి ఈసారి మీరు దిగిన చోట గోడ వంగి ఉంటే, నవ్వి రాకండి. గుమ్మంలోనే నిలబడి, లోపలికి వస్తున్న వాళ్లకి వినపడేలా చెప్పండి.