కానుగ పూల తేనె

అనగనగా ఒక కొండ మీద, చుట్టూ అడవే ఉన్న ఒక ఊళ్ళో, పదే పది గుడిసెలు ఉండేవట. అక్కడి వాళ్ళు తమ ఊరిని పెంట అంటారు. నవ్వకు. వాళ్ళ మాట అది, వాళ్ళ ఊరు అది. ఇంకోసారి నవ్వావంటే కథ ఆపేస్తాను, ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా చెప్పను.

ఆ పెంటలో అంకన్న అని ఒకడు ఉండేవాడు. కొండకొనలకి పట్టిన తేనె తీయడం వాడి పని. వాడి పెళ్ళాం పేరు ఈదమ్మ. వాళ్ళకి ఏడేళ్ళ కూతురు, పోలి. ఆ పిల్ల కాలు ఒక్కచోట నిలిచేది కాదు, అచ్చం నీలాగే. ఆ ఇంట్లోనే అంకన్న తల్లి బయమ్మ కూడా ఉండేది. ముసలిదే గాని గొంతు మాత్రం పెంటంతా వినపడేది.

బయమ్మ తేనె ఎలా దాచేదో చెప్తాను విను. అంతా ఒక్క కుండలో పోసేది కాదు. నేరేడు పూసినప్పుడు తీసిన తేనె ఒక సొరబుర్రలో పోసేది. మద్ది పూసినప్పుడు తీసింది ఇంకో బుర్రలో. కానుగ పూసినప్పుడు తీసింది మూడో బుర్రలో. ఏ తేనె ఉన్న బుర్ర మెడకి ఆ పూలగుత్తే ఎండబెట్టి నారతో కట్టేది.

కడుపులో బాగాలేదని ఎవరైనా వస్తే నేరేడు తేనె ఇచ్చేది. దగ్గు అని వస్తే మద్ది తేనె. పుండు అని వస్తే కానుగ తేనె. ఈగలు అవే అయినా వాలే పువ్వు వేరు కదా బంగారం, ఆ పువ్వు గుణమే తేనెలోకి దిగుతుందని వాళ్ళ లెక్క. అది పెద్ద అబద్ధమేమీ కాదులే.

కానీ బయమ్మది ఒకటే పాడు బుద్ధి. ఆ బుర్రల మీద కోడలి చెయ్యి పడనిచ్చేది కాదు. ఈదమ్మ దగ్గరికి వస్తే చాలు, "నేను పోయినాక అన్నీ నీయే కదా, అప్పుడు ముట్టుకో పో" అనేది. ఏ తేనె ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా కోడలి నాలిక్కి రాయలేదు. ఇలాంటి వాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు ఏమైందంటే, ఆ ఎండాకాలం చివర్లో బయమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. బుర్రలు మూడూ ఈదమ్మవి అయ్యాయి.

ఆ తర్వాత తొలకరి వచ్చింది. వానకి చీమలు ఇంట్లోకి ఎక్కాయి. నార పట్టుకుని పాకి, ఎండుపూలలో దూరి, బుర్రల మూతి దాకా వచ్చేశాయి. ఈదమ్మకి చిరాకేసింది. మూడు నారలూ తెంపి, పూలు చేటలో వేసి, తీసుకెళ్ళి వానలో పారబోసింది. మూడు బుర్రలే కదా, గుర్తుండదా అనుకుంది.

ఆ మర్నాడు పోలి జావలోకి తేనె అడిగింది. ఈదమ్మ చేతికి అందిన బుర్ర వంచి పోసింది. పోలి ఒక్క గుక్క తాగి థూ అని ఉమ్మేసింది. "చేదమ్మా! వాసన గూడా వస్తాంది" అంది. ఈదమ్మ వేలు ముంచి చూసింది. నల్లగా ఉంది, చేదుగా ఉంది. చీమలు పడి పాడైపోయిందనుకుంది. గుడిసె వెనకకి తీసుకెళ్ళి అంతా నేల మీద ఒంపేసింది. బుర్ర కడిగి ఆరబెట్టి, అందులో ఉప్పు పోసుకుంది.

ఎనిమిది రోజులు గడిచాయి. పోలి ఆడుతూ ఆడుతూ నరికిన వెదురు మోడు మీద కాలు వేసింది. అరికాల్లోకి దిగిపోయింది. అంకన్నే లోపల విరిగిన ముక్క పీకి, నీళ్ళతో కడిగాడు. "అమ్మ పుండ్లకి రాసేదే, ఆ కానుగ తేనె తీసుకురా" అన్నాడు పెళ్ళాంతో.

"ఏది అది?" అంది ఈదమ్మ.

"నల్లగా ఉంటాది. నోట్లో పెట్టుకుంటే చేదు" అన్నాడు.

తను ఒంపేసింది అదేనని ఈదమ్మకి అప్పుడు తెలిసింది. పారబోశానని చెప్పాలి. చెబితే ఏమంటాడో అని భయం. పిల్ల ఏడుస్తోంది, మొగుడు చెయ్యి చాపి ఉన్నాడు. తేనె తేనే కదా, ఏదైతేనేం అనుకుని ఇంకో బుర్ర తెచ్చి, మొగుడికి కనపడకుండా తనే పుండుకి రాసింది. అదే ఆమె చేసిన తప్పు బంగారం. పారబోయడం కాదు, అది తెలియక చేసింది. చెప్పకపోవడం తప్పు.

మొదట రాసింది నేరేడు తేనె. మూడు రోజులు రాసింది. కాలు వాచింది. అప్పుడు ఈదమ్మ చాటుగా రెండో బుర్ర తీసింది. అది మద్ది తేనె. ఇంకో మూడు రోజులు రాసింది. వాపు చీలమండ దాకా ఎక్కింది, పిల్లకి జ్వరం వచ్చింది. ఏడో రోజు పొద్దున ఈదమ్మ మొగుడి ముందు కూలబడి ఉన్నమాట చెప్పేసింది.

అంకన్న గొడ్డలి భుజాన వేసుకుని, తట్ట పట్టుకుని, వానలోనే వెళ్ళిపోయాడు. కొండకొనకి వెళ్ళి చూస్తే తేనెపట్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. వానాకాలం వస్తే ఆ పెద్దీగలు వేరే చోటికి పోతాయి మరి. ఆ తర్వాత చెట్టు తొర్రలు వెతికాడు. ఒక తొర్రలో చిన్నీగల తేనె దొరికింది. అప్పుడు అడవిలో టేకు పూసి ఉంది, కానుగ పూత రాలిపోయి రెండు నెలలైంది. ఈగ ఉన్న పువ్వు తేనే తెస్తుంది గాని మనకి కావలసిన పువ్వు తేనె ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆ టేకు తేనె నీళ్ళలా ఉంది. అయినా తెచ్చి రాశాడు. పుండు దాన్ని లెక్కే చేయలేదు.

ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదంటావా? మంచి ప్రశ్న. ఇప్పుడైతే నీకు ముల్లు గుచ్చుకున్నా ముందు ఆస్పత్రికే పరిగెడతాను. ఆ రోజుల్లో వాళ్ళకి కొండ దిగితే గాని ఆస్పత్రి లేదు. మధ్యలో వాగు. అది పొంగి రెండు గట్లూ దాటి పారుతోంది.

పదో రోజున వాన వెలిసింది. అంకన్న పోలిని భుజాన వేసుకుని దిగాడు. ఈదమ్మ వెనకే నడిచింది. వాగు ఇంకా తగ్గలేదు. గట్టు మీద పిల్లని కాసేపు పడుకోబెడదామని దించారు. దించి చూస్తే ఊపిరి లేదు.

అవునమ్మా, చచ్చిపోయింది. నీకు అబద్ధం చెప్పను. కథలో పిల్లలు ఎప్పుడూ బతకాలని ఎవరు చెప్పారు నీకు? దా, ఇటు జరుగు, దుప్పటి కప్పుకో.

ఆ తర్వాత పెంటలో ఎవరూ ఈదమ్మని ఏమీ అనలేదు. అంకన్న కూడా అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని ఆమె అనుకునేది. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర తినేవాళ్ళు, మాటలు మాత్రం లేవు.

వానలు పోయాయి. చలి పోయింది. ఎండలు ముదిరాక కానుగ మళ్ళీ పూసింది. కొండకొనకి ఈగలు వచ్చాయి, పట్లు నిండాయి. అంకన్న తేనెకి బయలుదేరాడు.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొండకొన మీంచి తాడు కట్టుకుని దిగేటప్పుడు, పైన ఆ తాడు పట్టుకోవలసింది బావమరిదే. ఇంకెవరైనా ఏమరుపాటున వదిలేస్తారేమో గాని, తోడబుట్టినదాని తాళి తెంపుతాడా ఎవడైనా? అందుకని ఈదమ్మ తమ్ముడు నాగులు పైన నిలబడ్డాడు. అంకన్న తేనె కోసి, తట్ట నింపాడు. ఎక్కేటప్పుడు కాలు జారింది. తాడు సర్రుమని జారిపోతుంటే నాగులు వదల్లేదు. రెండు అరచేతులూ తోలు లేచిపోయాయి. అంకన్న మాత్రం పైకి వచ్చాడు.

కుడిచేతి గాయం దానంతటదే మానింది. ఎడమచెయ్యి చీము పట్టింది. అప్పుడు ఈదమ్మ ఆ కొత్త తేనె బుర్రలో పోసి, మెడకి కానుగ పూలు కట్టింది. ఆ తర్వాత నీళ్ళు కాచి, చల్లార్చి, తమ్ముడి చెయ్యి కడిగి, ఆ తేనె రాసి, గుడ్డ చుట్టింది. రోజూ పొద్దున అదే పని. మొదటి రోజు మంట తగ్గింది. మూడో రోజుకి వాపు తీసింది. తొమ్మిదో రోజుకి కొత్త తోలు వచ్చింది.

నాగులు ఎగిరి గంతేశాడు. చెయ్యి తెరిచి అక్క ముందు పెట్టాడు. "చూడక్కా, ఎట్ల మానిందో!" అన్నాడు.

ఈదమ్మ ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. లేతగా ఉన్న ఆ తోలు మీద వేలు పెట్టి నిమిరింది. ఎంతసేపు నిమిరిందో. నాగులుకి నవ్వు ఆగిపోయింది.

"ఇంతేనా?" అంది ఈదమ్మ. "తొమ్మిది రోజులేనా?"

అంకన్న గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ మాట విన్నాడు. లేచి వచ్చి, దాదాపు ఏడాది తర్వాత మొదటిసారి, పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.

కథేమో నడిచెళ్ళి కంచి చేరింది,
కానుగా పూతంత రాలిపోయింది,
పువ్వుకో తేనె, తేనెకో గుణం,
పోయిన పోలికి పెట్టుదాం దణ్ణం,
మనమున్న ఇంట్లోనే మనముందాం,
కళ్ళు తుడుచుకుని ఇక నిద్రపోదాం.