గంపెడు చౌడు

షేక్షావలికి ఊరంతటి మీదా కోపంగా ఉంది. దర్గా గడప బయట చెప్పులు విడిచిన తీరులోనే అది తెలిసిపోయింది. ఒకటి ఇటు పడింది, ఇంకొకటి ఎక్కడో అటు పడింది.

జమాలయ్య బాబా అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. తలెత్తి చూసి, పక్కన చోటు చూపించాడు. షేక్షావలి కూర్చోలేదు.

"నా వల్ల కాదు బాబా. ఈ ఊరిని కాపాడేది నా వల్ల కాదు."

"ఊరికేమైంది?"

"ఊరికేం కాలేదు. అయిందంతా నాకే."

షేక్షావలి బళ్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. చిన్నప్పటి నుంచీ బాబా శిష్యుడు. రోడ్డు వెడల్పు చేస్తామనీ, అడ్డమొచ్చిన పాత కట్టడాలన్నీ కొట్టేస్తామనీ మునిసిపాలిటీ వాళ్లు చెప్పినప్పుడు, కూడదని లేచి నిలబడింది ఆయనే. నిలబెట్టుకోవాల్సినంత విలువ దేనికుందో మీరే తేల్చి చెప్పండి, చూస్తాం అన్నారు వాళ్లు. అలా రాళ్లబావిపేటలో పాతకట్టడాల కమిటీ పుట్టింది. పేరుకే కమిటీ. టేపు పట్టుకుని ఎండలో వీధి వీధీ తిరిగింది మాత్రం ఈయనొక్కడే.

ఊరు ఆయనకు చుక్కలు చూపించింది. పాత ఇల్లని రాస్తే పైన ఇంకో అంతస్తు కట్టుకోనివ్వరేమోనని ఒకాయన, తాతల నాటి చెక్కుడు గుమ్మాన్ని తెల్లారేసరికి పీకించేశాడు. గడియారం వీధి వాళ్లు మంచివాళ్లు. కమిటీ వస్తోందని తెలిసి, మర్యాదగా ఉండాలని తమ రాతి కమానుకు చిలకపచ్చ ఆయిల్ పెయింటు కొట్టించి, "ఎట్లుంది మాస్టరూ?" అని అడిగారు. షేక్షావలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంటికెళ్లి అన్నం మానేశాడు.

చివరికి చెక్కుచెదరకుండా మిగిలింది ఒక్కటే. దర్గాకు ఎదురుగా ఉన్న ముసాఫిరుఖానా. రాతిగోడలు, కొయ్య స్తంభాలు, పైన మట్టిమిద్దె. పక్కనే పెద్దాసుపత్రి ఉంది కాబట్టి, రోగుల వెంట వచ్చిన పల్లెల వాళ్లు అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటారు. వాళ్లకు ఊళ్లో ఇంకెక్కడా చోటు లేదు.

పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. "ఉన్నది ఉన్నట్టే ఉంచండి. కొత్తది ఏదీ కలపకండి. కలిపారంటే గుర్తింపు పోతుంది," అని చెప్పి వెళ్లాడు. గుర్తింపు పోతే దాని మీదుగా రోడ్డు పోతుంది. ఇది అందరికీ తెలుసు.

షేక్షావలి ఆ మాటను తాయెత్తులా కట్టుకున్నాడు. తన ఖర్చుతో నల్లరాతి పలక చెక్కించి గోడకు పెట్టించాడు. రెండు వందల ఏండ్ల నాటి కట్టడం, ముట్టరాదు, ఎక్కరాదు, మార్చరాదు అని.

"ఈ పొద్దు ఏం జరిగిందో తెలుసునా బాబా? ఓబులమ్మ ఆడోళ్లందరినీ వెంటేసుకొని వచ్చింది. తలకొక గంప. మిద్దెకు చౌడు పోస్తారంట!"

పోయరా మరి? ఆ సీమలో మట్టిమిద్దె ఉన్నవాళ్లంతా వానలు పట్టక ముందు చేసే పనే అది. ఊరి బయట చవిటినేలలో చౌడుమట్టి తవ్వి తెచ్చి, మిద్దె మీద పరిచి, కాళ్లతో తొక్కుతారు. ఆ ఏటికి నీటిబొట్టు కిందికి దిగదు. ముసాఫిరుఖానాకు సొంతదారంటూ లేడు కాబట్టి, ఇంటికొక గంప చొప్పున దానికి ఊరే పోస్తుంది. మృగశిర కార్తెకు ముందు వచ్చే శుక్రవారం ఆ పని చేస్తారు. ఎప్పుడు మొదలైందని అడిగితే ఎవరూ చెప్పలేరు.

"నువ్వేమన్నావు?" అన్నాడు బాబా.

"నిచ్చెన తీసి లోపల పెట్టేసినా. ఒక్క గంప పడినా ఒప్పుకునేది లేదన్నా. ఓబులమ్మ నన్ను నానా మాటలనింది బాబా. ఇంతకాలం పిల్లోళ్లకు ఏం నేర్పినావో ఏమో అనింది. అందరి ముందర."

బాబా ఒళ్లోని వెల్లుల్లి పొట్టు దులుపుకున్నాడు.

"మిద్దె ఎన్నాళ్లది?"

"రెండొందల ఏండ్లది."

"అంతానా?"

"అంతా బాబా! దూలాలు, దంతెలు, పైన మట్టి, అంతా. అందుకే గదా ఆఫీసరు మెచ్చింది."

బాబా ఒలిచిన వెల్లుల్లి గిన్నె శిష్యుడి చేతిలో పెట్టి, "వంటింట్లో ఇచ్చి పో," అన్నాడు.

షేక్షావలికి ఒళ్లు మండింది. గోడు చెప్పుకుందామని వస్తే వెల్లుల్లి మోయిస్తాడా ఈ పెద్దమనిషి? గిన్నె ఇచ్చేసి, చెప్పులు వెతుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

కార్తె తప్పలేదు. వాన వచ్చింది.

పెద్ద వానేం కాదు. వేరే మిద్దెల మీద పడి, జారి, కాలువల్లో కలిసిపోయింది. ముసాఫిరుఖానా మాత్రం కురిసింది. ఒక మూల కాదు, ఇల్లంతా కురిసింది. వంటపొయ్యిలు ఆరిపోయాయి. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు ఎటు జరిగితే అటే బొట్టు పడింది. కోడలి కాన్పు కోసం వచ్చిన ఒక ముసలమ్మ, బట్టల మూట నెత్తిన పెట్టుకుని గోడకు అతుక్కుని నిలబడింది.

షేక్షావలి బక్కెట్లు మోశాడు. తపేలాలు పరిచాడు. తపేలాలు చాలక, వాళ్ల పళ్లేలు అడిగి పెట్టాడు.

"పైన ఏమన్నా పోయించు నాయనా," అంది ముసలమ్మ.

"పోయించకూడదమ్మా. ఇది పాతది."

"పాతదైతే కురవాల్నా?"

ఆయన పట్నంలోని ఆఫీసుకు ఫోను చేశాడు. అర్జీ పంపండి, మా వాళ్లు వచ్చి చూసేదాకా ఏమీ ముట్టుకోకండి అన్నారు. ఎప్పుడొస్తారండీ అంటే, వానలు తగ్గాక అన్నారు. ఫోను పెట్టేసి ఆయన ఆఫీసును తిట్టాడు, ఊరిని తిట్టాడు, వానను తిట్టాడు. తాను చెక్కించిన పలక తప్ప అన్నీ తిట్లు తిన్నాయి.

వీధి అవతల చూరు కింద నిలబడి ఓబులమ్మ ఇదంతా చూస్తోంది. మంచి మనిషే, కానీ నోరు ఊరుకోదు.

"ఏమప్పా మాస్టరూ! ఆ కారే నీళ్లు కూడా రెండొందల ఏండ్లవేనా?"

షేక్షావలి స్టూలు ఎక్కి దూలం మీద చెయ్యి పెట్టి చూశాడు. నల్లబడింది. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. స్టూలు మీద నిలబడే ఏడ్చాడు. ఒక్క గంప మట్టి పడితే గుర్తింపు పోతుంది. పడకపోతే మిద్దే పోతుంది. ఎటు నడిచినా ఆ పాడు రోడ్డుకే తేలుతున్నాడు. ఇంత ప్రేమించి, ఇంత తిరిగి, చివరికి తన చేతులతోనే దాన్ని కూలదోస్తున్నానేమోనని మొదటిసారి భయం వేసింది. ఆ భయం కూడా కాసేపటికి కోపంగానే మారింది.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. షేక్షావలి నిచ్చెన బయటికి తీసి, మిద్దె ఎక్కి, టార్పాలిన్ పరిచి అంచులకు రాళ్లు పెడుతున్నాడు. గాలి దాన్ని పెట్టనివ్వడం లేదు. ఇటు రాయి పెడితే అటు లేస్తోంది.

కింద కలకలం వినిపించి తొంగి చూశాడు.

బాబా వస్తున్నాడు. నెత్తిన గంప.

ఎనభై దాటిన మనిషి. ఊరి బయట చవిటినేల నుంచి నడిచి వస్తున్నాడు. మెడ వణుకుతోంది. గంపలోంచి కారిన బురదనీళ్లు తెల్లగడ్డం మీదికి దిగాయి. నేను మోస్తా, నాకియ్యి సామీ అని ఓబులమ్మ వెంటబడి బతిమాలుతోంది. ఆయన ఇవ్వడం లేదు. ఆమె వెనక ఇంకా కొందరు ఆడవాళ్లు, చేతుల్లో ఖాళీ గంపలతో.

బాబా నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.

"బాబా, మీరు కూడానా!" షేక్షావలి గొంతు చించుకుని అరిచాడు. "వాళ్లకంటే తెలీదు. మీకు అన్నీ చెప్పినా గదా!"

"గంప అందుకో."

"అందుకోను."

బాబా ఇంకో మెట్టు ఎక్కాడు. కాలు తడబడింది. నిచ్చెన ఊగింది. కింద ఆడవాళ్లు కేకలు వేశారు. అందుకోకపోతే గంపతో సహా ముసలాయన కింద పడేలా ఉన్నాడు. షేక్షావలి పళ్లు కొరుక్కుంటూ గంప అందుకున్నాడు. తర్వాత బాబాను రెక్క పట్టి పైకి లాగాడు.

బాబా ఆయాసం తీర్చుకోలేదు. టార్పాలిన్‌ను కాలితో పక్కకు నెట్టి, గంప మళ్లీ తన చేతుల్లోకి లాక్కున్నాడు.

"జరుగు."

"ఇది పాతది బాబా. దీని మీద కొత్త మట్టి పడకూడదు. మీకు దణ్ణం పెడతా."

"సరే. పాతది యాడుందో చూపి. దాని మీద పొయ్యను."

షేక్షావలి వెంటనే వేలు చాపాడు. చాపిన చోట పోయినేడు ఓబులమ్మ పోసిన మట్టి ఉంది. పోసి తనను పిలిస్తే, వచ్చి తొక్కింది తానే. వేలు ఇంకో పక్కకు తిప్పాడు. అక్కడ ఉన్నది తాను ఒకప్పుడు స్వయంగా మోసుకొచ్చిన గంప మట్టి. పిట్టగోడ వైపు తిప్పాడు. అక్కడా అంతే, ఎవరో మొన్నమొన్న పోసిందే.

"మీ నాయన పోసింది యాడుంది?" అన్నాడు బాబా.

షేక్షావలి వేలు మిద్దె మధ్యకు తిప్పాడు.

"మీ అమ్మ పోసిందన్నా చూపి. నిన్ను సంకన పెట్టుకొని ఎక్కేది. ఒక చేత నువ్వు, ఒక చేత గంప. ఆయమ్మది యాడుంది?"

చాపిన వేలు అలాగే నిలిచిపోయింది. ఆయన మిద్దె ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాడు. అంతా ఒకటే మట్టి. ఎక్కడ ఎవరిది మొదలై ఎక్కడ ఎవరిది అయిపోయిందో గీత గీసినట్టు లేదు.

బాబా గంప వంచాడు. చౌడంతా శిష్యుడి పాదాల మీద పడింది.

కింద ఆడవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. షేక్షావలి తన పాదాలకేసి చూసుకున్నాడు. చీలమండల దాకా మట్టిలో ఉన్నాయి.

చివరికి అడిగాడు.

"రేపు ఆఫీసరొచ్చి, ఈ మిద్దె ఎన్నాళ్లదని అడిగితే ఏం చెప్పాల బాబా?"

బాబా ఖాళీ గంపను బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అడిగేదానికి ఆయప్ప ఈడికి ఎక్కల్ల గదా. ఎక్కేటప్పుడు ఒక గంపియ్యి."

శిష్యుడింకా కదలకపోయేసరికి విసుక్కున్నాడు.

"ముందు నువ్వు తొక్కు."